చీటీ లేని నాణెం

నాణేలు సేకరించేవారి ఘనతను లోకం సాధారణంగా మూడు కొలతలతో తూస్తుంది: వారి దగ్గర ఎన్ని నాణేలున్నాయి, వాటిలో అరుదైనవి ఎన్ని, వేలంలో వాటికి ఎంత ధర పలుకుతుంది. ఈ కొలతలు అసత్యమైనవి కావు గాని, గొప్ప సేకర్తను గుర్తించడానికి మూడూ కలిసినా చాలవు. ఎందుకంటే సంఖ్యను, అరుదైన వస్తువును, ధరను డబ్బున్న వారెవరైనా కొనుక్కోగలరు. లోహం, తూకం, అచ్చు, బొమ్మలు, అక్షరాల ఆధారంగా గతకాలపు రాజకీయ, ఆర్థిక జీవనాన్ని వెలికితీసే విద్యను నాణేశాస్త్రం అంటారు. ఈ విద్య మన దేశంలో రెండు శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చిన తీరును పరిశీలిస్తే, దానికి నిజంగా ఉపకరించిన సేకర్తలలో ఒక లక్షణం పదే పదే కనిపిస్తుంది. నాణెం తనంతట తాను చెప్పలేని సంగతిని, అంటే అది ఏ ఊళ్లో, ఏ దిబ్బ మీద, ఏ కుండలో, ఏయే ఇతర నాణేల సరసన దొరికిందన్న సంగతిని, వారు నాణెంతో పాటు భద్రపరిచారు.

ఒంటరి నాణెం కూడా కొంత చెబుతుంది. దాని తూకాన్ని బట్టి ఆ రాజ్యం పాటించిన తూకపు పద్ధతి తెలుస్తుంది. వెండిలో రాగి పాలు పెరిగితే ఖజానా ఇబ్బందులు ఊహకు అందుతాయి. అక్షరాల రూపాన్ని బట్టి కాలం స్థూలంగా తేలుతుంది. రెండు నాణేలు ఒకే అచ్చు దిమ్మెతో కొట్టినవని తేలితే అవి ఒకే టంకసాలలో, దాదాపు ఒకే కాలంలో తయారయ్యాయని నిర్ధారించవచ్చు. అయితే ఆ నాణెం ఎవరి తరువాత ఎవరి చేతికి వచ్చిందో, ఏ ప్రాంతంలో చెల్లుబాటైందో తెలియాలంటే నిక్షేపం కావాలి. నిక్షేపం అంటే పూర్వులు ఒకేచోట దాచిపెట్టి మళ్లీ తీసుకోలేకపోయిన నాణేల రాశి.

ఇటువంటి రాశులలో దక్కను చరిత్రకు అత్యంత ముఖ్యమైనది 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబి గ్రామంలో బయటపడింది. అందులోని 13,250కి పైగా వెండి నాణేలన్నీ పశ్చిమ క్షత్రప పాలకుడైన నహపాణునివి. ఒక్కొక్కటి రెండు గ్రాములకు అటూ ఇటూ తూగే ఈ చిన్న బిళ్లల మీద ఒకవైపు ఆయన ముఖం, మరోవైపు పిడుగు, బాణం గుర్తులు, గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులలో ఆయన పేరు ఉంటాయి. వీటిలో 9,270 దాకా నాణేల మీద శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యం గుర్తును, నాలుగు వృత్తాలను అడ్డగీతలతో కలిపిన ఉజ్జయిని గుర్తును మళ్లీ కొట్టించాడు. పాత నాణేన్ని కరిగించకుండా దాని మీదనే కొత్త అచ్చు వేయడాన్ని పునర్ముద్రణ అంటారు. ఈ రాశిని పరిశీలించి 1908లో వివరంగా ప్రకటించిన రెవరెండ్ స్కాట్, నహపాణుని ముఖాలు వయసులోనూ రూపులోనూ ఒకదానితో ఒకటి పొసగనంతగా మారుతున్నాయని కూడా గమనించాడు. ఇంత పెద్ద రాశిలో నహపాణునికీ గౌతమీపుత్రునికీ మధ్య మరొక రాజు నాణెం ఒక్కటీ లేదు. గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనం ఆమె కుమారుడైన గౌతమీపుత్రుడు నహపాణుని క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని చెప్పిన మాటకు ఇంతకన్న బలమైన సాక్ష్యం దొరకదు. ఎవరైనా ధనవంతుడైన సేకర్త ఆ రాశిలోంచి ముఖం స్పష్టంగా ఉన్న పది నాణేలను ఏరుకుని తక్కినవి కంసాలి మూసకు వదిలేసి ఉంటే, ఆయన దగ్గర పది చక్కని నాణేలు మిగిలేవి, చరిత్రకు ఏమీ మిగిలేది కాదు. పునర్ముద్రణ పడిన నాణెం చూపులకు వికారంగా ఉంటుంది, కింది ముఖం మీద పై గుర్తు అడ్డంగా పడి రెండూ చెడినట్లు కనిపిస్తాయి. అందుకే అందాన్ని మాత్రమే చూసే సేకర్త చేయి దానిని వదిలి పక్క నాణెం మీదికి పోతుంది.

శాతవాహనుల సీసపు, పోటిన్ నాణేల విషయంలో ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. పోటిన్ అంటే రాగిలో తగరం, సీసం వంటివి కలిపిన చౌక మిశ్రమ లోహం. ఈ నాణేల మీద రాజు పేరు అంచు చుట్టూ గుండ్రంగా ఉంటుంది గాని, లోహపు బిళ్ల అచ్చు దిమ్మె కన్న చిన్నది కావడం వల్ల ఏ ఒక్క నాణెం మీదా పేరు మొత్తం పడడం అరుదు. ఒక దాని మీద మొదటి నాలుగు అక్షరాలు, ఇంకొక దాని మీద నడుమ భాగం, మరొక దాని మీద చివరి అక్షరాలు పడతాయి. వాటన్నిటినీ పక్కపక్కన పేర్చి చూసినప్పుడే ఒక లేఖనం పూర్తవుతుంది. సాధారణ సేకర్త రెండో నమూనాను అదనమని భావించి మార్పిడికి ఇచ్చేస్తాడు. ఈ రంగంలో లోతు తెలిసినవాడు ఒకే రకం నాణేలను యాభై దాచుకుంటాడు, వాటిలో సగం అరిగిపోయినవైనా సరే. పైకి లోభంలా కనిపించే ఈ అలవాటే లేకపోతే, 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం ఇ. జె. రాప్సన్ కూర్చిన ఆంధ్ర వంశపు నాణేల సూచిలో పూర్తి లేఖనాలు ఇన్ని ఉండేవి కావు.

దొరికిన చోటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి తెలంగాణలోని కోటిలింగాల కన్న మంచి ఉదాహరణ లేదు. జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న ఈ పాత మట్టికోట దిబ్బ మీద స్థానిక ఔత్సాహికులు ఏరి కూడబెట్టిన నాణేలు 1970ల చివరి సంవత్సరాలలో పురావస్తు శాఖకు చెందిన శాసన పరిశోధకుడు డాక్టర్ పి. వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి వచ్చాయి. వాటి మీద గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు కనిపించాయి. అంతవరకు ఏ పుస్తకమూ ప్రస్తావించని ఈ పాలకులు శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని ఏలినవారని నిర్ణయించడానికి ఆ నాణేలే ఆధారమయ్యాయి. అదే దిబ్బ మీద చిముక శాతవాహనుడి పేరున్న నాణేలు కూడా దొరకడం పెద్ద చర్చకు దారి తీసింది. పురాణాలు ఆంధ్ర రాజులలో మొదటివాడిగా చెప్పిన, నానేఘాట్ గుహలోని పేరుపలక సిముక అని రాసిన రాజు ఇతడేనా కాదా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాకపోయినా, శాతవాహనుల తొలి కాలాన్ని గురించిన ఏ వాదమైనా కోటిలింగాలను దాటి పోలేని స్థితి ఏర్పడింది. ఇక్కడ గమనించవలసిన విషయమేమంటే, ఈ నాణేలు బంగారమో వెండో కావు. సంతలో అవి తూకానికి తప్ప ధరకు పనికిరాని లోహపు ముక్కలు. వాటిని ఏరినవారు ఇవి ఈ ఒడ్డునే దొరికాయని చెప్పగలగడమే వాటి విలువ. అవే నాణేలు హైదరాబాదులోనో ముంబైలోనో ఒక దుకాణపు పళ్లెంలో, ఊరు పేరు లేకుండా దొరికి ఉంటే, గోభదుడు ఎక్కడి రాజో చెప్పగలిగేవారు ఉండేవారు కారు.

తూర్పు చాళుక్యుల బంగారు నాణేల కథ దీనికి మరో ముఖం. నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుని పేరుతో, అంతకు ముందు పాలించిన మొదటి శక్తివర్మ బిరుదైన చాళుక్యచంద్ర అనే పేరుతో వెడల్పైన పలుచని బంగారు నాణేలున్నాయి; నడుమ వరాహం గుర్తు, చుట్టూ విడివిడిగా కొట్టిన అక్షరాలు, రాజు పాలన సంవత్సరం వాటి మీద కనిపిస్తాయి. వేంగి రాజుల ఈ నాణేలు బర్మా తీరంలోని అరకాన్ ప్రాంతంలో, చెదూబా దీవిలో, సయాంలో కూడా దొరికాయి. చెదూబా అన్న ఆ ఒక్క మాటను ఎవరో రాసిపెట్టడం వల్లనే తెలుగు తీరానికీ బంగాళాఖాతపు ఆవలి ఒడ్డుకూ పదకొండో శతాబ్దంలో ఉన్న రాకపోకలకు ఒక గట్టి సాక్ష్యం మిగిలింది.

తెలుగు నేల మీద ఇటువంటి సేకరణ పెద్ద ఎత్తున మొదలైనది కల్నల్ కాలిన్ మెకంజీతో. ఆయన 1821లో మరణించిన తరువాత హెచ్. హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన జాబితాలో రాతప్రతులు, శాసనాల నకళ్లతో పాటు 6,218 నాణేలున్నాయి. ఊరూరా తిరిగి గ్రామస్థులను మాటల్లో పెట్టి, కైఫీయతులు రాయించి, వస్తువులను సంపాదించిన పని చాలావరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి సహాయకులది. ఏలూరుకు చెందిన ఈ సోదరులకు భాష, సంప్రదాయం తెలియకపోతే ఆ దొర సేకరణ ఇంతటిది అయ్యేది కాదన్నది నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఇది మెకంజీ గొప్పతనాన్ని తగ్గించే మాట కాదు. నాణేన్ని గుర్తుపట్టే కన్ను ఒకరిదైతే, అది ఎక్కడిదో రాబట్టే నోరు మరొకరిది కావచ్చునని తెలిసి అటువంటివారిని పక్కన ఉంచుకోవడం కూడా సేకర్త ప్రతిభలో భాగమే.

మెకంజీ తరువాత చెప్పుకోదగినవాడు సర్ వాల్టర్ ఇలియట్. 1803లో పుట్టిన ఈ మద్రాసు సివిల్ ఉద్యోగి 1845లో కరువుతోనూ పాలనా లోపాలతోనూ చితికిపోయిన గుంటూరు ప్రాంతపు స్థితిగతులను విచారించడానికి వచ్చి, ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేశాడు. ఆ కాలంలోనే అమరావతి స్తూపంలో తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. ఆ తరలింపు మంచిదా చెడ్డదా అన్న వివాదం వేరు. నాణేల విషయంలో మాత్రం ఆయన నడత ఆదర్శప్రాయమైనది. కొన్నదానిని పెట్టెలో మూసి ఉంచకుండా, 1850లలోనే మద్రాసు లిటరరీ సొసైటీ పత్రికలో విడతలు విడతలుగా ప్రకటించాడు. దక్షిణ భారత నాణేలను గురించిన తన పెద్ద గ్రంథాన్ని 1880లలో, చూపు దాదాపు పూర్తిగా పోయిన దశలో, ఇతరుల చేత చదివించుకుని, చెప్పి రాయించి పూర్తిచేశాడు. గ్రంథం వెలువడిన కొద్దికాలానికే, 1887లో ఆయన మరణించాడు. కళ్లు లేకుండా అటువంటి పుస్తకం చెప్పగలగాలంటే నాణేలు మనసులో ఎంత స్థిరంగా ముద్రపడి ఉండాలో ఊహించవచ్చు. కొన్న రోజు తరువాత మళ్లీ పెట్టె తెరవని సేకర్తలకూ ఇలియట్‌కూ ఉన్న దూరం ఇదే.

మరో రకం ఘనత కూడా లోకంలో ఉంది. అమెరికాలో బాల్టిమోర్‌కు చెందిన లూయీ ఎలియాస్‌బర్గ్ అనే ధనికుడు 1950 నాటికి ఆ దేశపు టంకసాలలు విడుదల చేసినట్లు అప్పటికి తెలిసిన ప్రతి రకం, ప్రతి సంవత్సరం, ప్రతి టంకసాల నాణేన్నీ సంపాదించి సంపూర్ణత సాధించాడు. ఇది పట్టుదలకు పరాకాష్ఠే, సందేహం లేదు. కాని టంకసాల లెక్కలు ఏటేటా అచ్చులో ఉన్న దేశంలోనే సంపూర్ణత అనే మాటకు అర్థం ఉంటుంది. శాతవాహనుల నాణేలు ఎన్ని రకాలో ఇప్పటికీ ఎవరూ గీత గీసి చెప్పలేరు కనుక, ఇక్కడి సేకర్తకు జాబితా పూర్తిచేసే సుఖం లేదు, జాబితాను తయారుచేసే బరువు మాత్రం ఉంది. ఇక ఈజిప్టు రాజు ఫరూక్ వంటివారు అధికారంతో, అంతులేని డబ్బుతో వేలాది బంగారు నాణేలను పోగుచేశారు. ఆయన సింహాసనం పోయిన తరువాత 1954లో కైరోలో జరిగిన వేలంలో ఆ సేకరణ చెల్లాచెదురైంది. ఆ వేలానికి పెట్టకుండా ఉపసంహరించిన 1933 నాటి అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం 2021లో దాదాపు 1.89 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ధరల చరిత్రకు అది పనికివస్తుంది.

సేకర్త ప్రతిరోజూ ఎదుర్కొనే ప్రలోభం మాత్రం డబ్బు కన్న చిన్నది, చింతపండు. పూజసామగ్రిని తోమినట్లు పాత రాగి నాణేన్ని చింతపండుతోనో, నిమ్మరసంతోనో తోమి తళతళలాడించాలనే కోరిక తెలుగు ఇళ్లలో సహజంగానే పుడుతుంది. కాని శతాబ్దాల పాటు మట్టిలో లోహం మీద ఏర్పడిన చిలుము పొర, దానిలో గట్టిపడిన భాగం, నాణేన్ని కాపాడే చర్మం వంటిది. ఆమ్లం దానిని తినేస్తే అరిగిన అక్షరాల చివరి ఆనవాళ్లు కూడా దానితోనే పోతాయి. సీసపు నాణేలకు మరో ముప్పు ఉంది. కొన్ని రకాల చెక్కల నుంచి, నాసిరకం అట్టల నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మార్చేస్తుంది. అందమైన కొయ్య బీరువాలో భద్రంగా దాచాననుకున్న శాతవాహన నాణెం కొన్నేళ్లకు బూడిదగా మారవచ్చు. పి.వి.సి. సంచులలో దాచిన రాగి నాణేలకు పచ్చని జిగురు పడుతుంది. ఇవన్నీ తెలిసినవాడు వాడే సరంజామా చవకైనదే: ఆమ్లం లేని కాగితపు కవరు, సన్నని తూకం, భూతద్దం, పెన్సిలు.

ఆ పెన్సిలుతో రాసే చీటీలో ఏముండాలన్నది తేలికగానే చెప్పవచ్చు: తూకం, కొలత, లోహం, రెండు వైపులా కనిపించే గుర్తులు, చదవగలిగినంత లేఖనం, చదవలేని అక్షరాల చోట ఊహకు బదులు ఖాళీ, దొరికిన చోటు, అమ్మినవారు చెప్పిన మాట, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్న అభిప్రాయం. చివరిది ముఖ్యమైనది. ఎక్కువ ధర రావాలని అమ్మకందారు ఊరు పేరు మార్చి చెప్పడం ఈ వ్యాపారంలో కొత్త కాదు కనుక, విన్నదానిని విన్నట్లుగానూ చూసినదానిని చూసినట్లుగానూ వేరుగా రాసుకున్న సేకర్తనే తరువాతి పరిశోధకుడు నమ్ముతాడు.

నకిలీల సంగతికి వస్తే, తెలుగు రాష్ట్రాలలో ఈ మోసానికి ప్రత్యేకమైన రూపం ఉంది. బియ్యపు గింజలను తనవైపు లాక్కుంటుందని చెప్పి రాగి నాణెం చూపించి లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ ముఠాల వార్తలు పత్రికలలో తరచు కనిపిస్తాయి. రాముడు, హనుమంతుడు వంటి దేవతల బొమ్మలతో, 1818 వంటి సంవత్సరాలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో చలామణీ అవుతున్న బిళ్లలను కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. అవి యాత్రాస్థలాలలో అమ్మకానికి తరువాతి కాలంలో తయారైనవి. మామూలు ఐదు రూపాయల నాణేనికి లక్షలు ఇస్తామని, కమీషను ముందుగా కట్టమని వచ్చే ప్రకటనల విషయంలో రిజర్వు బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది. వీటికి దూరంగా ఉండడానికి గొప్ప సేకర్త కానక్కరలేదు, ఇంగితజ్ఞానం చాలు. సేకర్త వివేకం పరీక్షకు నిలిచేది మరోచోట: ప్రాచీనకాలపు అనుకరణను ఇప్పటి నకిలీ నుంచి వేరుచేయడంలో. రోమన్ బంగారు నాణేలను చూసి ఈ దేశంలోనే ఆ కాలంలో తయారుచేసిన అనుకరణలు ఆంధ్ర ప్రాంతంలో కూడా దొరికాయి. వాటి మీది లాటిన్ అక్షరాలు అర్థం లేని గీతలుగా మారిపోయి ఉంటాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి నాణేల వంటి రాశులను 1965లో పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశ్ రోమన్ నాణేల మీద రాసిన గ్రంథంలో వివరించాడు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేలు కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో కోసిన గాటు కనిపిస్తుంది. ఆ గాటు ఎందుకు పెట్టారన్న దానికి పండితులు వేర్వేరు కారణాలు చెబుతారు. మార్కెట్టులో ఆ గాటు వల్ల ధర తగ్గుతుంది, చరిత్రలో ఆ గాటు వల్లనే నాణెం విలువ పెరుగుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో సేకర్త వివేకానికి హద్దు గీసింది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. 1972 చట్టం నూరేళ్లు దాటిన నాణేలను ప్రాచీన వస్తువులుగా పరిగణించి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధించింది. చట్టానికి భయపడి దొరికిన చోటు దాచిపెట్టే అలవాటు కొందరిలో ఉంది; ఫలితంగా కుండెడు నాణేలు నాలుగు ఊళ్ల దుకాణాలకు చేరి నాలుగు అబద్ధపు చిరునామాలు సంపాదించుకుంటాయి. అటువంటి నాణేన్ని ఎంత అరుదైనదైనా కొననని చెప్పగల సేకర్తలు కొద్దిమందే.

కొన్నదానిని చదవగలిగినవారు కూడా కొద్దిమందే. తమిళ దినపత్రిక దినమలర్ సంపాదకుడు ఆర్. కృష్ణమూర్తి 1980లలో గుర్తించిన చదరపు రాగి నాణెం ఇందుకు నిదర్శనం. సంగమకాలపు పాండ్యుల ఆ నాణెం మీద పెరువళుది అనే పేరు తమిళ బ్రాహ్మీ లిపిలో ఉందని ఆయన చదివేవరకు, ఆ కాలపు తమిళ రాజులు తమ పేరుతో నాణేలు వేశారా అన్న ప్రశ్నకు తగిన సాక్ష్యం ఉండేది కాదు. వృత్తి పాత్రికేయం, ఆసక్తి నాణేలు. అయినా ఆయన వ్యాసాలు, 1997లో వెలువడిన పుస్తకం వృత్తి చరిత్రకారులకు ఆధారగ్రంథాలయ్యాయి.

సేకర్త మరణించిన తరువాత జరిగేది అతని చేతిలో లేదని చాలామంది అనుకుంటారు. గుజరాతీ పండితుడు భగవాన్‌లాల్ ఇంద్రజీ అలా అనుకోలేదు. శాసనాలు చదువుతూ దేశమంతా తిరిగిన ఆయనకు సంపద లేదు. అయినా 1888లో కన్నుమూసేనాటికి తాను సమకూర్చిన పశ్చిమ క్షత్రప నాణేలను బ్రిటిష్ మ్యూజియంకు చెందేటట్లు వీలునామా రాశాడు. వాటిలో అధికభాగం మీద తండ్రి పేరూ కొడుకు పేరూ కలిపి ఉంటాయి. చాలావాటి మీద శక సంవత్సరం కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ల తరువాత రాప్సన్ ఆ వంశక్రమాన్ని సంవత్సరాలతో సహా పేర్చినప్పుడు ఆ సూచికి ముఖ్యమైన ఆధారాలలో ఈ నాణేలు కూడా ఉన్నాయి, ఇంద్రజీ పేరు వాటి పక్కనే అచ్చయింది.